హెడ్డింగుకు కడప జవాబు

కడప జిల్లా పేరు వార్తల్లోకి ఎక్కిన రోజు ఫోన్లలో రెండు రకాల నవ్వులు తిరుగుతాయి. ఒకటి బయటినుంచి వచ్చేది. అందులో నాటుబాంబులు, సుమోలు, వేటకొడవళ్ళు, తొడగొట్టే హీరో తప్పకుండా ఉంటారు. వార్త అరటి ధర గురించైనా, పదో తరగతి ఫలితాల గురించైనా ఆ బొమ్మలు మారవు. రెండోది ఇక్కడే పుట్టేది. ప్రొద్దుటూరు అంగట్లోనో, జమ్మలమడుగు బస్టాండులోనో, పులివెందుల చీనీ తోటలోనో ఉన్న మనిషి ఆ వార్త చదివి, దాని ముందువెనకలు ఎరిగి అనే మాట అది. ఈ రెండింటినీ ‘సోషల్ మీడియా వెటకారం’ అని ఒకే గాటన కట్టేసి, కొందరు మెచ్చుకుంటారు, కొందరు తిట్టిపోస్తారు. రెండూ పొరపాటే. విషయం తెలిసినవాడి ఎకసెక్కెం వార్తలో లేని సంగతిని బయటపెడుతుంది. తెలియనివాడి ఎకసెక్కెం వార్తలో ఉన్న సంగతిని కూడా కప్పేస్తుంది. గత ఇరవై ఏళ్లలో ఈ మూడు ఊళ్ళ చుట్టూ వచ్చిన వార్తలను, వాటిమీద పుట్టిన మాటలను వరసగా చూస్తే ఈ తేడా స్పష్టంగా కనిపిస్తుంది.

ఉక్కు ఫ్యాక్టరీతో మొదలుపెట్టాలి. ఈ విషయం మీద వచ్చినంత పదునైన ఎకసెక్కెం మా జిల్లాలో మరి దేనిమీదా రాలేదు. 2007 జూన్ 10న అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి జమ్మలమడుగు దగ్గర బ్రహ్మణి స్టీల్స్‌కు శంకుస్థాపన చేశారు. గాలి జనార్దనరెడ్డి కంపెనీకి పదివేల ఎకరాలకు పైగా భూమి ఇచ్చారు. 2011 సెప్టెంబరులో ఓబుళాపురం గనుల కేసులో ఆయన్ను సీబీఐ అరెస్టు చేసింది. ఫ్యాక్టరీ ఆగిపోయింది, తర్వాత భూమి కేటాయింపూ రద్దయింది. 2014 విభజన చట్టం పదమూడో షెడ్యూలులో, ఈ జిల్లాలో సమీకృత ఉక్కు కర్మాగారం పెట్టడానికి వీలుందో లేదో ఆరు నెలల్లోగా సెయిల్ సంస్థ పరిశీలించాలని రాశారు. ఆ ఆరు నెలలు నాలుగేళ్లయ్యాక, 2018 జూన్‌లో ఎంపీ సి.ఎం. రమేష్ కడపలో పదకొండు రోజులు నిరాహారదీక్ష చేశారు. అదే ఏడాది డిసెంబరు 27న ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు మైలవరం మండలం కంబాలదిన్నె దగ్గర మరో శంకుస్థాపన చేశారు. ఏడాది తిరక్కముందే, 2019 డిసెంబరు 23న, కొత్త ముఖ్యమంత్రి జగన్‌మోహన్‌రెడ్డి జమ్మలమడుగు మండలం సున్నపురాళ్లపల్లెలో ఇంకో శంకుస్థాపన చేశారు. 2023 ఫిబ్రవరి 15న అదే ఊళ్ళో జిందాల్ కంపెనీతో కలిసి ఆయనే మళ్ళీ భూమిపూజ చేశారు.

నాలుగు శంకుస్థాపనలు, ముగ్గురు ముఖ్యమంత్రులు. ఒక్కోసారీ పత్రికలు దాన్ని కొత్త వార్తగానే వేశాయి. ‘సీమ కల సాకారం’ తరహా హెడ్డింగులు, హెలిప్యాడు, శిలాఫలకం, కొబ్బరికాయ. పాత శంకుస్థాపన గురించి లోపలి పేజీలో ఒక పేరా ఉంటే ఉంది, లేకపోతే లేదు. ఆ లోటును తీర్చింది జనం ఎకసెక్కెం. నాలుగు ఫోటోలను పక్కపక్కన పెట్టి కింద సంవత్సరాలు మాత్రం రాసి వదిలే పోస్టులు ఈ విషయం మీద నేను చూసిన అన్నిటికంటే పనికొచ్చే సమాచారం. వాటిలో ఎవరినీ తిట్టరు. ఏ పార్టీవాడికీ దాన్ని ఖండించే వీలు లేదు, ఎందుకంటే అందులో ఉన్నవి తేదీలే. జమ్మలమడుగు వైపు మాటల్లోనూ ఇదే పద్ధతి వినిపిస్తుంది. ‘ఫ్యాక్టరీ యాడిదాకా వచ్చిందప్పా?’ అని ఒకరంటే ‘రాయి కాడికొచ్చింది’ అని ఇంకొకరు. ఆ జవాబులో కోపమూ ఉంది, లెక్కా ఉంది. భూములిచ్చిన కుటుంబాల్లో పిల్లలు చదువుకుని ఉద్యోగాల కోసం బెంగళూరు బస్సెక్కుతున్న ప్రాంతంలో ఆ మాటను వట్టి జోకుగా తీసుకోవడం అన్యాయం.

అదే 2018 దీక్ష సమయంలో ఇంకో వీడియో బయటికొచ్చింది. ఢిల్లీలో కొందరు ఎంపీలు ఒకచోట కూర్చుని, దీక్ష చేస్తే బరువు తగ్గవచ్చని సరదాగా మాట్లాడుకుంటున్న వీడియో అది. అదీ నవ్వే, అదీ ఉక్కు ఫ్యాక్టరీ మీదే. కానీ దాన్ని చూసిన కడప జనానికి ఒళ్ళు మండింది. ఎదురుచూసి విసిగినవాడు నవ్వితే ఆ నవ్వు నిలదీత. తెచ్చిపెడతామని చెప్పినవాడు నవ్వితే అది నిర్లక్ష్యం.

పులివెందుల పక్కన తుమ్మలపల్లె యురేనియం సంగతి కూడా ఇలాంటిదే. 2011 జులైలో అణుశక్తి సంఘం అధ్యక్షుడు ఇక్కడి నిల్వల గురించి ప్రకటన చేశాక ‘ప్రపంచంలోనే అతిపెద్ద నిల్వలు’ అని దేశమంతా హెడ్డింగులు పెట్టారు. వేముల మండలంలోని కె.కె. కొట్టాల, మబ్బుచింతలపల్లె, కనంపల్లె రైతులు ఆ తర్వాత ఏళ్లలో చెప్పుకున్నది బోరునీళ్ల గురించి, వ్యర్థాల చెరువు గురించి, ఎండిన అరటి గెలల గురించి. ‘ప్రపంచంలోనే పెద్దది మా ఊళ్ళో ఉండాది, తాగే నీళ్లు మాత్రం ట్యాంకరులో వస్తాండాయి’ అనే ధోరణి మాటలు ఆ పల్లెల బాధలోంచి పుట్టినవి. దూరాన ఉండి యురేనియాన్ని, పులివెందులను, బాంబులను కలిపి బొమ్మ చేసినవాడికి ఆ బోరుబావి కనపడలేదు.

ఈ లోకల్ ఎకసెక్కెం ఇంత పదునుగా ఉండటానికి ఒక కారణం మన పత్రికలే. ఈనాడు 1989లో జిల్లాకొక అనుబంధం మొదలుపెట్టాక మండల కేంద్రంలో జరిగే చిన్న గొడవ కూడా అచ్చులోకి వచ్చింది. జమ్మలమడుగు మనిషి తన వీధి వార్తను తానే పత్రికలో చదవడం, ‘జరిగింది ఇది కాదే’ అని పెదవి విరవడం అప్పుడే అలవాటైంది. 2008 మార్చిలో సాక్షి వచ్చింది. అప్పటినుంచి ఒకే సంఘటనకు రెండు హెడ్డింగులు రోజూ ఇంటికి రావడం మొదలైంది. ఒక పత్రికలో ‘జనసంద్రం’ అయిన సభ ఇంకో పత్రికలో ‘ఖాళీ కుర్చీలు’ అవుతుంది. పులివెందులలో టీ కొట్టు దగ్గర రెండు పత్రికలూ పక్కపక్కనే ఉంటాయి కాబట్టి ఈ తేడా అక్కడి జనానికి తెలిసినంతగా హైదరాబాదులో ఒకే పత్రిక వేయించుకునే ఇంటికి తెలియదు. రెండు హెడ్డింగులను ఒకే ఫోటోలో పెట్టి, వ్యాఖ్య లేకుండా పంపడం మన ప్రాంతంలో బాగా నాటుకున్న పద్ధతి. 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా చౌకయ్యాక, నోటిమాటగా ఉన్న ఈ పని ఫోన్లోకి మారింది. మారింది వేగం మాత్రమే. పద్ధతి పాతదే.

పాతదని ఊరికే అనడం లేదు. ప్రొద్దుటూరు అవధానాల ఊరు. గడియారం వేంకటశేషశాస్త్రి, దుర్భాక రాజశేఖర శతావధాని, సి.వి. సుబ్బన్న శతావధాని ఈ ఊరి పేరును తెలుగునాడంతా వినిపించారు. అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకులు ఉంటారు. అందులో ఒకరిది అప్రస్తుత ప్రసంగం. అవధాని ఒకవైపు నిషిద్ధాక్షరి అక్షరాలు దాటుకుంటూ, ఇంకోవైపు దత్తపది మాటలు గుర్తుపెట్టుకుంటూ, సమస్యాపూరణంలో రెండో పాదం కడుతుండగా ఈ పృచ్ఛకుడు మధ్యలో దూరి ఆనాటి వార్తనో, ఊళ్ళో పుకారునో, సినిమా సంగతినో తెచ్చి అడ్డం తిరిగిన ప్రశ్న వేస్తాడు. అవధాని తడుముకోకుండా జవాబు చెప్పాలి. ఆ జవాబుకు సభ గొల్లున నవ్వాలి. అడిగినవాడు చిన్నబోకూడదు. సభలో ఉన్న ఆడవాళ్ళు, పిల్లలు తలదించుకునే మాట రాకూడదు. ఆ నవ్వులో పడి అవధాని తన పద్యాన్ని మరిచిపోకూడదు. ఇన్ని హద్దుల మధ్య పుట్టిన చమత్కారం కాబట్టే మరుసటి రోజు ఊరంతా దాన్ని చెప్పుకునేది. ఇవాళ హెడ్డింగు కింద ఒక్క వాక్యం రాసి వేలమందిని నవ్వించే కుర్రవాడికి తెలియకపోవచ్చు గానీ, వాడు చేస్తున్నది ఆ పృచ్ఛకుడి పని, ఆ అవధాని పని రెండూ కలిపి. హద్దులు మాత్రం వాడికెవరూ చెప్పలేదు.

పులివెందుల వైపు ఇంకో వారసత్వం ఉంది. సింహాద్రిపురం మండలం పైడిపాలెంలో పుట్టిన రాచమల్లు రామచంద్రారెడ్డిని సాహిత్య లోకం రారా అంటుంది. 1968లో కడప నుంచి ‘సంవేదన’ పత్రిక తెచ్చారు. ‘అనువాద సమస్యలు’కు 1988లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. పెద్ద పేరున్న రచయితల పుస్తకాలను ఆయన విమర్శించిన తీరు చదివితే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. ఎకసెక్కెం దట్టంగా ఉంటుంది, కానీ ప్రతి పోటుకూ ముందు ఆ పుస్తకంలోంచి ఆధారం ఉంటుంది. పుస్తకం మొత్తం చదివి, రచయిత ఎక్కడ జారాడో పట్టుకుని, అక్కడే వేలు పెడతారు. పేరు చూసి, అట్ట చూసి అన్నమాట ఒక్కటీ కనిపించదు. ఆయన సమకాలికుడు గజ్జెల మల్లారెడ్డి కూడా ఈ జిల్లావారే. రాజకీయ వార్తల మీద వ్యంగ్య పద్యాలు, గేయాలు రాసి, పత్రికా సంపాదకుడిగా కూడా పనిచేశారు. అప్పటి పాఠకులు ఆ పద్యాలను నోటికి చెప్పుకునేవారు. తెలుగు దినపత్రికల్లో శ్రీధర్, మోహన్ లాంటి కార్టూనిస్టులు చేసిన పని కూడా ఇదే కోవలోది. వార్త తెలియకుండా మంచి కార్టూను గీయడం ఎవరివల్లా కాదు.

బయటి నవ్వు ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పడానికి ఎక్కువ వెతకనక్కర్లేదు. 1999లో ‘సమరసింహారెడ్డి’, 2001లో ‘నరసింహనాయుడు’, 2002లో ‘ఆది’, ‘ఇంద్ర’, 2003లో ‘ఒక్కడు’. ఐదేళ్లలో ఒక తరం ప్రేక్షకుల కళ్ళముందు రాయలసీమ అంటే ఏమిటో ఈ సినిమాలు నిర్ణయించేశాయి. ఫ్యాక్షన్ లేదని నేను అనను. అది నిజం, దానివల్ల భర్తల్ని, కొడుకుల్ని పోగొట్టుకున్న ఆడవాళ్ళు ఈ పల్లెల్లో ఇంకా ఉన్నారు. అందుకే ఆ బొమ్మ మరీ బాధ కలిగిస్తుంది. తెర మీద వాహనాలు గాల్లోకి లేస్తే ఈలలు వేసినవాళ్ళు, ఆ తర్వాత కడప పేరు వినగానే అదే దృశ్యాన్ని అంటించి నవ్వుతారు. 2017 డిసెంబరులో రామ్‌గోపాల్‌వర్మ ‘కడప’ అనే పేరుతోనే వెబ్ సిరీస్ ట్రైలరు వదిలినప్పుడు జిల్లా జనం గట్టిగా అభ్యంతరం చెప్పారు. ‘మా పిల్లలు బయట చదువుకోవడానికి గది అద్దెకు అడిగితే ఊరి పేరు చెప్పడానికి జంకుతున్నారు’ అని అప్పుడు చాలామంది అన్నమాట ఈ వ్యాసంలో ఉన్న ఏ సిద్ధాంతం కంటే బరువైనది.

అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రానికీ ఇలాంటి గతే పట్టింది. మొసలితో దుకాణంలోకి వచ్చినవాడు, పోలీసు కారెక్కి నిద్రపోయినవాడు, అందరికీ హెడ్డింగుల్లో ‘ఫ్లోరిడా మ్యాన్’ అనే ఒకటే పేరు. 2013లో ఆ పేరుతో ఒక ట్విటర్ ఖాతా వచ్చి ప్రపంచమంతా నవ్వింది. కానీ అక్కడ వింత మనుషులు ఎక్కువ కావడం దానికి అసలు కారణం కాదు. ఆ రాష్ట్ర చట్టం ప్రకారం ప్రభుత్వ రికార్డులు, పోలీసు అరెస్టు వివరాలు విలేకరులకు చాలా తేలిగ్గా దొరుకుతాయి. దొరికేచోట వార్తలు ఎక్కువ వస్తాయి. వాటిలో చాలావరకు మతి చెడినవాళ్ళవి, మత్తుకు బానిసలైనవాళ్ళవి, ఇల్లు లేనివాళ్ళవి అని తర్వాత జర్నలిస్టులే రాసి బాధపడ్డారు. కడపకూ ఇదే లెక్క వర్తిస్తుంది. 2004 నుంచి ఐదేళ్లు, 2019 నుంచి ఐదేళ్లు ముఖ్యమంత్రి పులివెందుల మనిషి. టీవీ కెమెరాలు ఈ దారినే ఉన్నాయి. ఇక్కడ జరిగిన చిన్న తగువు రాష్ట్ర వార్త అవుతుంది. ఇంకో జిల్లాలో అదే తగువు స్టేషను గడప దాటదు.

అసలు వార్త చదవకుండానే నవ్వడం ఎంత విస్తారంగా ఉందో చెప్పే అంచనా ఒకటి ఉంది. కొలంబియా విశ్వవిద్యాలయం, ఒక ఫ్రెంచి పరిశోధన సంస్థ కలిసి 2016లో వెలువరించిన అధ్యయనం ప్రకారం, ట్విటర్‌లో పంచుకున్న లింకుల్లో 59 శాతం ఒక్కసారి కూడా ఎవరూ తెరవలేదు. అంటే హెడ్డింగు చూసి ఇంకొకరికి పంపేశారు. దీని ఫలితం మన దగ్గర రెండు సంగతుల్లో బాగా కనిపించింది.

ఒకటి ప్రొద్దుటూరు దసరా. వాసవీ కన్యకాపరమేశ్వరి అమ్మవారిని కరెన్సీ నోట్లతో, బంగారంతో అలంకరించిన ఫోటో ఏటా దేశమంతా తిరుగుతుంది. ‘ఆదాయపు పన్ను వాళ్ళెక్కడ?’ అని ఏటా అదే జోకు. ఇలాంటి అలంకారాలకు నోట్లు భక్తులు, వర్తకులు ఇస్తారు, పండగయ్యాక ఎవరివి వాళ్ళకు తిరిగి ఇచ్చేస్తారు. అమ్మవారి దగ్గర పెట్టిన నోటు ఇంట్లో ఉంటే మంచిదని దాన్ని ఖర్చుపెట్టకుండా దాచుకునేవాళ్ళూ ఉంటారు. ఆ చిన్న వివరం వార్త చివరి పేరాలో ఉంటుంది. జోకు వేసినవాడు అక్కడిదాకా రాడు. బంగారం ధరల సంగతీ అంతే. 2025 ఏప్రిల్‌లో పది గ్రాముల ధర లక్ష దాటిందన్న హెడ్డింగు మీద పెళ్ళికొడుకుల జోకులు, పెళ్ళాల జోకులు కుప్పలు తెప్పలుగా వచ్చాయి. ప్రొద్దుటూరు సందుల్లో నగ చెక్కి బతికే పనివాడికి ఆ హెడ్డింగు వేరేలా అర్థమవుతుంది. ధర పెరిగితే కొత్త నగలు చేయించేవాళ్ళు తగ్గుతారు. కుంపటి వెలగని రోజులు పెరుగుతాయి.

రెండోది 2020 మార్చి. కరోనా మొదలైన రోజుల్లో ముఖ్యమంత్రి జగన్ విలేకరుల సమావేశంలో పారాసెటమాల్, బ్లీచింగ్ పౌడర్ మాట చెప్పారు. స్థానిక ఎన్నికలు వాయిదా పడిన కోపంలో, వ్యాధిని మరీ తేలిగ్గా తీసుకున్న ధోరణిలో ఆ మాట వచ్చింది. దాన్ని విమర్శించడం న్యాయమే. కానీ ఆ తర్వాత నెలల తరబడి సాగిన మీముల వరదలో ఒక అసలు సంగతి కొట్టుకుపోయింది. తేలికపాటి లక్షణాలున్నవాళ్ళకు జ్వరం తగ్గడానికి డాక్టర్లు రాసిచ్చింది ఆ మాత్రే. ఇంట్లో జ్వరంతో పడుకున్న ముసలివాళ్ళు కొందరు ‘ఆ బిళ్ళ జోకు బిళ్ళ’ అనుకుని వేసుకోవడానికి వెనకాడితే ఆ నవ్వుకు ఎవరు బాధ్యులు? ఒక నాయకుడి మాటలో తప్పెంతో, ఒప్పెంతో విడదీసి చెప్పే ఓపిక ఎకసెక్కానికి ఉండాలి. రారాకు ఉండేది.

వింత వార్త ఏది వచ్చినా తెలుగువాళ్ళు ఠక్కున అనే మాట ఒకటుంది: ‘బ్రహ్మంగారు అప్పుడే చెప్పారు’. ఆ మాట పుట్టిల్లు కూడా మా జిల్లానే. పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి జీవసమాధి కందిమల్లాయపల్లెలో, ఇప్పుడు బ్రహ్మంగారి మఠం అని పిలిచే ఊళ్ళో ఉంది. 1984లో ఎన్.టి. రామారావు తీసిన సినిమా కాలజ్ఞానాన్ని ఇంటింటి మాట చేసింది. రెండు తలల దూడ పుట్టినా, చెట్టుకు పాలు కారినా, ధర ఆకాశాన్నంటినా ఆ ఒక్క మాటతో జనం వార్తకు తమ జవాబు చెప్పేస్తారు. దాన్ని భక్తితో అనేవాళ్ళున్నారు, నవ్వుతూ అనేవాళ్ళున్నారు. చాలాసార్లు ఒకే మనిషి రెండు రకాలుగానూ అంటాడు. నాకు ఇది చాలా ఇష్టమైన జవాబు. లోకంలో విడ్డూరం కొత్తది కాదని, మనిషి అత్యాశ గురించి ఎవరో ముందే హెచ్చరించారని గుర్తుచేస్తుంది. కానీ 2020లో అదే మాటను ఆసరా చేసుకుని, ‘కోరంకి’ అనే జబ్బు గురించి కాలజ్ఞానంలో ఉందంటూ ఒక పద్యం లక్షల ఫోన్లకు చేరింది. అది ఏ ప్రతిలో ఏ పుటలో ఉందో రాసిన ఫార్వర్డు ఒక్కటీ నా కంటపడలేదు. సరదా మాటగా బయల్దేరింది భయంగా ఇంటికొచ్చింది. ఆ మఠం చుట్టుపక్కల, మైదుకూరు నుంచి ప్రొద్దుటూరు దాకా, కాలజ్ఞాన తత్వాలు తరతరాలుగా పాడుకుంటున్న జనం ఉన్నారు. పద్యం వచ్చినప్పుడు వాళ్ళలో ఒకరిని అడిగితే సరిపోయేది.

ఇంటర్నెట్ వింత ఒకటి ఎంత దూరం పోతుందో చెప్పడానికి కుర్చీ కథ చాలు. హైదరాబాదులో ఒక పేద వృద్ధుడు యూట్యూబ్ కెమెరా ముందు కోపంతో అన్న ‘కుర్చీ మడతపెట్టి’ బూతుమాట జనం నోళ్ళలో నానింది. 2023 డిసెంబరులో అది ‘గుంటూరు కారం’ సినిమా పాట అయింది. 2024 ఫిబ్రవరిలో జగన్ తన కార్యకర్తలను చొక్కా చేతులు మడతపెట్టమంటే, చంద్రబాబు తమవాళ్ళు కుర్చీలు మడతపెడతారన్నారు, లోకేశ్ సభావేదిక మీద కుర్చీని నిజంగానే మడతపెట్టి చూపించారు. అదే ఏడాది చివర్లో కడప నగరపాలక సమావేశంలో ఎమ్మెల్యేకు వేదిక మీద కుర్చీ వేయలేదని రెండుసార్లు రగడ జరిగింది, జనం మళ్ళీ ఆ పాటనే గుర్తుచేసుకున్నారు. నగరంలో నీళ్లు, కాలువలు చర్చించాల్సిన సభ కుర్చీ దగ్గర ఆగిపోయిందని జనం నవ్వితే ఆ నవ్వు న్యాయం. మొదటి మనిషి సంగతి వేరు. ఆ వృద్ధుడి చేత మళ్ళీ మళ్ళీ ఆ బూతు అనిపించి వ్యూస్ సంపాదించుకున్న ఛానళ్ళను నేను క్షమించలేను. తాగుబోతుల్ని, మతిస్థిమితం లేనివాళ్ళను, పల్లెటూరి యాసలో మాట్లాడే ముసలివాళ్ళను కెమెరా ముందు నిలబెట్టి నవ్వించడం ఎకసెక్కెం కాదు. అందులో తెలివి లేదు, తెగువ అసలే లేదు.

అన్నిటికంటే కష్టమైన సంగతి 2019 మార్చి 15. మాజీ మంత్రి వై.ఎస్. వివేకానందరెడ్డి పులివెందులలో తన ఇంట్లో చనిపోయారు. పొద్దున మొదట వచ్చిన వార్త గుండెపోటు. కొన్ని గంటల్లోనే అది గొడ్డలితో చేసిన హత్య అని తేలింది. 2020లో హైకోర్టు దర్యాప్తును సీబీఐకి అప్పగించింది. 2022 నవంబరులో సుప్రీంకోర్టు విచారణను తెలంగాణకు మార్చింది. మొదటి హెడ్డింగుకూ తర్వాతి హెడ్డింగుకూ మధ్య ఉన్న తేడా మీద పుట్టిన ప్రాసల మాటలు ఆరేళ్లయినా ఆగలేదు. మొదట్లో ఆ మాటల్లో ఒక ప్రశ్న ఉండేది: హత్యను గుండెపోటు అని ఎవరు చెప్పారు, ఎందుకు చెప్పారు? అది పౌరుడు అడగాల్సిన ప్రశ్న. రాను రాను ప్రశ్న రాలిపోయి ప్రాస మిగిలింది. ఎన్నికల సభల్లో ఈలల కోసం వాడారు, రెండో వర్గం ఎదురు జోకులు వేసింది. మధ్యలో తండ్రిని పోగొట్టుకుని కోర్టుల చుట్టూ తిరుగుతున్న కూతురు ఉంది. రక్తం కారిన ఇంటి మీద జోకు వేసే ముందు ఆ జోకు న్యాయం అడుగుతోందా, ఓటు అడుగుతోందా అని ఒక్కసారి ఆలోచించాలి. పులివెందులలో చాలామంది ఈ విషయం మీద నోరు మెదపరు. ఆ మౌనాన్ని భయం అని ఒకరు, విధేయత అని ఇంకొకరు రాశారు. మర్యాద కూడా అందులో ఉందని నేను నమ్ముతున్నాను.

నవ్వితే కేసు పెట్టే అలవాటు గురించి కూడా చెప్పాలి. సమాచార సాంకేతిక చట్టంలోని 66ఏ సెక్షనును సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టేసింది. అయినా అరెస్టులు ఆగలేదు. 2017 ఏప్రిల్‌లో శాసనమండలి మీద వ్యంగ్య చిత్రం పెట్టినందుకు ఫేస్‌బుక్ పేజీ నడిపే ఒకాయన్ను తెలుగుదేశం ప్రభుత్వ కాలంలో అరెస్టు చేశారు. 2020లో విశాఖ గ్యాస్ లీకు మీద పోస్టు పెట్టినందుకు గుంటూరులో అరవై దాటిన ఒక మహిళ మీద వైఎస్సార్ కాంగ్రెస్ ప్రభుత్వ కాలంలో సీఐడీ కేసు పెట్టింది. 2024 నవంబరులో పులివెందుల ప్రాంతానికి చెందిన ఒక పార్టీ సోషల్ మీడియా కార్యకర్తకు నోటీసు ఇచ్చి వదిలేశారన్న వివాదంలో జిల్లా ఎస్పీనే బదిలీ అయ్యారు. ఈ మూడింటినీ ఒకే తక్కెడలో తూచకూడదు. మొదటి రెండింటిలో పౌరులు ప్రభుత్వాన్ని ప్రశ్నించారు. మూడోదాంట్లో ఆరోపణ నాయకుల ఇళ్ళలో ఆడవాళ్ళ మీద అసభ్యపు రాతల గురించి. ఆడవాళ్ళ మీద రాసే బూతును వ్యంగ్యం అని పిలిచి కాపాడాలనడం వ్యంగ్యానికే ద్రోహం. అలాగని బూతును చూపించి వ్యంగ్యం నోరు నొక్కడం ప్రజాస్వామ్యానికి ద్రోహం. రెండు ప్రభుత్వాలూ రెండో పని చేశాయి. అధికారంలో లేనప్పుడు రెండు పార్టీలూ స్వేచ్ఛ గురించి మాట్లాడాయి.

శంకుస్థాపనల పోస్టు పెట్టినవాడి మీద కేసు పెట్టడానికి ఏ సెక్షనూ చాలదు. తేదీలు నేరం కావు. మా ప్రాంతపు కుర్రవాళ్ళకు నేను చెప్పగలిగింది ఇదే. పాత పత్రిక తీసి తేదీ పక్కన తేదీ పెట్టండి, రెండు హెడ్డింగులు పక్కపక్కన పెట్టండి, చివరి పేరా దాకా చదవండి. మీ మాటకు జవాబు చెప్పుకోవాల్సింది అప్పుడు మీరు కాదు, మాట ఇచ్చినవాళ్ళు.

ఇంకో విన్నపం ఉంది. 2020 జూన్‌లో టిక్‌టాక్‌ను నిషేధించినప్పుడు మన పల్లెల కుర్రవాళ్ళు, ఆడపిల్లలు తమ యాసలో చేసిన వేల వీడియోలు ఒక్క రాత్రిలో కనపడకుండా పోయాయి. వాట్సాప్‌లో తిరిగిన మాటలకు అసలు జాడే ఉండదు. ఇదే కడపలో కూర్చుని సి.పి. బ్రౌన్, పండితులు పట్టించుకోని వేమన పద్యాలను తాటాకుల్లోంచి ఏరి, నకళ్ళు రాయించి, 1829లో అచ్చువేయించారు. జనం నోటి మాటను దాచుకోవాల్సిన సంపదగా చూడబట్టే అవి మనకు మిగిలాయి. ఆయన బంగళా ఉన్నచోట ఇవాళ బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం ఉంది. అది యోగి వేమన విశ్వవిద్యాలయం కింద నడుస్తోంది, ఆ విశ్వవిద్యాలయంలో తెలుగు శాఖ ఉంది. ఉక్కు ఫ్యాక్టరీ మీద, యురేనియం నీళ్ల మీద, రెండు పత్రికల హెడ్డింగుల మీద ఈ మూడు ఊళ్ళ జనం అన్న మాటలను ఏ వార్తకు ఏ తేదీన అన్నారో రాసి, మామూలు మనుషుల పేర్లు తీసేసి, వాళ్ళు ఇప్పుడే సేకరించడం మొదలుపెట్టాలి. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల డిగ్రీ కాలేజీల తెలుగు విద్యార్థులకు దీన్ని ప్రాజెక్టుగా ఇవ్వవచ్చు. మీ ఫోన్లో అలాంటిది ఒకటి ఉంటే తుడిచేయకండి. తేదీ రాసి దాచండి.